వేడి కాదమ్మా, మందు రంగు

అమ్మ ఈరోజు కూడా ఫోన్లో అదే మాట. "ఆ మాత్రలు బాగా వేడి చేస్తున్నాయే. పిల్లాడికి మూత్రం ఆ రంగులో వస్తుంటే చూస్తూ ఊరుకుంటావా? నాలుగు రోజులు ఆపి బార్లీ నీళ్లు పట్టించు."

తమ్ముడికి టీబీ అన్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. ప్రేమతో చెప్పే ఈ 'నాలుగు రోజులు ఆపు' అంటేనే నాకు టెన్షన్. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఇవే మందులకు లొంగకపోవచ్చు.

ఆ నారింజ రంగు టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందుది. మూత్రమే కాదు, చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగుకు తిరుగుతాయి. దానివల్ల హాని ఏమీ లేదు. వాడి తెల్ల బనీను చంకల్లో, దిండు గలీబు మీద లేత నారింజ మరకలు పడ్డాయి, ఎంత ఉతికినా పూర్తిగా వదలట్లేదు. మందులు చేతికిచ్చిన చోట ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే, మొదటిరోజు వాడు రక్తం పడుతోందని వణుకుతూ బాత్రూంలోంచి బయటికి వచ్చేవాడు కాదు. పాపం, ఆ రాత్రంతా నిద్రపోలేదు. అమ్మకు ఇదంతా మళ్లీ చెప్పాను. బార్లీ నీళ్లు ఇస్తాను, మాత్రలు మాత్రం ఆపనన్నాను. సరేనంది కానీ గొంతులో నమ్మకం లేదు.

వాడి బరువుకి రోజూ మూడు మాత్రలు. ఒక్కో దాంట్లో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్ అని నాలుగు మందులు కలిసి ఉంటాయి. మొదటి రెండు నెలలు ఇలా, తర్వాత పైరాజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇంకో నాలుగు నెలలు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోందని చెప్తే, కాస్త టిఫిన్ తిన్నాక వేసుకోమంది డాక్టరమ్మ. అప్పటినుంచి నయం. పక్కింటి పిన్నిగారు గ్యాస్ సిరప్ ఇవ్వబోయారు గానీ వద్దన్నాను. కొన్ని సిరప్‌లు మాత్రలతో కలిసి పడితే ఐసోనియాజిడ్ సరిగా ఒంటపట్టదట.

"బాగున్నావురా?" అంటే "బాగానే ఉన్నానక్కా" అనేస్తాడు. వాడి అలవాటే అంత. అందుకే విడివిడిగా అడుగుతాను. అన్నం సహిస్తోందా? అరికాళ్లు మంటలు పుడుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా? ఐసోనియాజిడ్ నరాలను దెబ్బతీయొచ్చని బీ6 విటమిన్ మాత్ర కూడా ఇస్తున్నారు. వెలుతురులో కనురెప్ప కిందికి లాగి తెల్లగుడ్డు చూస్తాను. వాంతులు ఆగకపోయినా, అన్నం అసలు సహించకపోయినా, కళ్లు పచ్చబడినా అది లివర్ దెబ్బతినడం వల్ల కావచ్చు. అప్పుడు మాత్రం మాత్రలు ఆపేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఏ ఇబ్బందికి ఓర్చుకోవాలో, దేనికి ఒక్క పూట కూడా ఆగకూడదో రోగికి మొదటిరోజే చెప్పి తీరాలి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

నాకు అన్నిటికన్నా బెంగ వాడి కళ్ల గురించి. అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్‌లో పని. చీర చూడగానే వంద ఎరుపుల్లోంచి దానికి తగ్గ జాకెట్ ముక్క లాగి ఇవ్వాలి. ఇథాంబ్యుటాల్ అరుదుగా చూపును దెబ్బతీస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం దానికి ఒక గుర్తు. వెంటనే కనిపెట్టి మందు ఆపితే చాలామందికి చూపు మళ్లీ వస్తుందట. ఈరోజు వాడికి సెలవు కాబట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి నా జాకెట్ ముక్కలు చూపించాను. "ఇది మెరూన్. ఇది మిరపపండు. ఇది చిలకాకుపచ్చక్కా, అంచు దగ్గర వెలిసింది." ఆ వెలిసిన సంగతి నాకే తెలియదు! రెండో కన్నుతోనూ తడుముకోకుండా చెప్పాడు. ఇంట్లో చూసుకున్నంత మాత్రాన సరిపోదు, కంటి డాక్టర్‌కి కూడా చూపిస్తాను.

రేపు పొద్దున్నే బస్తీ దవాఖానాకి వెళ్లి లివర్ టెస్టుకి రక్తం ఇప్పించాలి. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటున్నాడు, అది పైరాజినమైడ్ వల్ల కావచ్చు. వాడు ఎలాగూ నోరు విప్పడు, డాక్టరమ్మకి నేనే చెప్తాను.