కాటా టోకెన్ ఎక్కడ ఆగుతోంది?

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో కాటా టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటాను. జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్ జేఎస్‌లో ఉంది, నాకంటే ముందు ఎవరో రాసి వెళ్లిపోయారు. సీజన్ ఊపందుకునేసరికి బటన్ నొక్కగానే స్క్రీన్ బిగుసుకుపోవడం మొదలైంది. "ఏంది సార్, బండ్లు రోడ్డు దాకా నిలబడిపోయినాయి" అని గేటు దగ్గరి అన్న ఒకటే ఫోన్లు.

చూస్తే సీపీయూ ఖాళీ. మెమరీకీ ఢోకా లేదు. లాగ్‌లలో రిక్వెస్ట్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్లిందో ఉంది కానీ ఆ మధ్యలో ఏం జరిగిందో లేదు. ఆఫీసులో అందరూ రౌటర్‌ని తిడుతున్నారు, పాపం.

లోపల ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఫైల్లోకి రాసిపెట్టే ట్రేస్ ఈవెంట్స్ నోడ్‌లోనే ఉన్నాయి, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సర్వర్ స్టార్ట్ చేసేటప్పుడు 'ట్రేస్ ఈవెంట్ కేటగిరీస్' ఫ్లాగ్ పెట్టి, కావాల్సిన కేటగిరీలు, అంటే ఏ రకం పనులు నమోదు కావాలో, కామాలతో ఇస్తే చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలుగా వచ్చేవి నోడ్, అసింక్ హుక్స్, వీ8 అనే కేటగిరీలు మాత్రమే. ఫైళ్లు చదవడం, రాయడం వాటిలో కనపడదు. నా అనుమానం డిస్క్ మీద కాబట్టి 'నోడ్ డాట్ ఎఫ్‌ఎస్ డాట్ సింక్' కూడా చేర్చాను. ఇంకోటి, కంట్రోల్ సీతో ఆపితే ట్రేస్ ఫైలు సరిగ్గా రాకపోవచ్చు. ఆ సిగ్నల్ అందుకుని ప్రాసెస్ డాట్ ఎగ్జిట్ పిలిచే కోడ్ ముందే పెట్టుకోవాలి.

వచ్చిన ఫైలుని, ట్రేస్‌లను బొమ్మలా చూపించే పెర్ఫెట్టోలో తెరిస్తే దొంగ దొరికాడు. ప్రతి టోకెన్‌కీ రైతుల జాబితా ఉన్న జేసన్ ఫైలు మొత్తం చదివి, మళ్లీ మొత్తం రాస్తోంది, అదీ సింక్ పద్ధతిలో, అంటే ఆ పని అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోకుండా. ఆ రాత అయ్యేదాకా, వచ్చిన పనులను ఒక్కొక్కటిగా అందుకునే ఈవెంట్ లూప్ కదలదు, పక్క కాటా రిక్వెస్ట్ కూడా ఆగాల్సిందే. సీజన్ మొదట్లో ఫైలు చిన్నది కాబట్టి ఎవరికీ తెలియలేదు. సీపీయూ ఖాళీగా ఎందుకుందో కూడా అర్థమైంది: అది పాత హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తోంది.

జాబితాని డేటాబేస్‌లోకి మార్చాం. ట్రేస్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉంచను, ఫైళ్లు ఊరికే పెరిగిపోతాయి. ట్రేస్ ఈవెంట్స్ మాడ్యూల్‌తో, సర్వర్ ఆపకుండానే, కోడ్ నుంచే కాసేపు ఎనేబుల్ చేసి డిసేబుల్ చేయొచ్చు. అది మెయిన్ థ్రెడ్‌లోనే పనిచేస్తుంది, పక్కన విడిగా నడిపే వర్కర్ థ్రెడ్‌లలో పనిచేయదు.