ఖాతా నంబరు చివర సున్నా

నిన్న సాయంత్రం 5 గంటలకు మా గ్రామ సంఘం సభ్యుల బ్యాంకు ఖాతాల లిస్టు పాసైంది. 214 మంది పేర్లు, ఒక్క తప్పు లేదు. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను. ఈ పదిహేను రోజులు నేను పడ్డ బాధ, నాలా గ్రామ సంఘం లెక్కలు రాసే ఇంకో వీఓఏ పడకూడదు.

మా ఊరి గ్రామ సంఘం లెక్కలు పన్నెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. డ్వాక్రా పొదుపులు, అప్పులు, రికవరీలు అన్నీ పుస్తకాల్లోనే. ఏ ఆడిట్‌లోనూ రూపాయి తేడా రాలేదు. ఈసారి సభ్యుల బ్యాంకు ఖాతాలు ఎక్సెల్‌లో కొట్టి ఇమ్మన్నారు. మా అక్క కొడుకు తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

గడుల్లో పేర్లు కొట్టడం, గీతలు పెట్టడం ఒక్క రోజులో వచ్చేశాయి. కూడిక ఇంకా తేలిక, పొదుపు కాలమ్ కింద ఆటోసమ్ నొక్కితే చాలు. 22 గ్రూపుల మొత్తం నా చేతిలెక్కతో సరిగ్గా సరిపోయింది. పోయినేడు ఇదే నేర్చుకుందామని టౌన్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌కి రెండు నెలలకు 3,000 కట్టాను. గడులకు రంగులు వేయడం, అక్షరాలు లావు చేయడం నేర్పారు. అసలు ఎక్కడ దెబ్బ తింటామో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ డబ్బు దండగ. మీ పుస్తకం పక్కన పెట్టుకుని మీ లెక్కే కొట్టుకుంటూ పోండి, అదే వస్తుంది.

ఖాతా నంబర్ల దగ్గర మొదలైంది గొడవ. 16 అంకెలు కొట్టి ఎంటర్ నొక్కగానే గడిలో నంబరు పోయి, చుక్క, ఇంగ్లీషు E, ప్లస్ 15 అని ఏదో వచ్చింది. జిరాక్స్ షాపు అబ్బాయిని అడిగితే రైట్ క్లిక్ చేసి ‘ఫార్మాట్ సెల్స్’లో ‘నంబర్’ పెట్టమన్నాడు. పెట్టాను. 16 అంకెలూ కనిపించాయి. హమ్మయ్య అనుకుని లిస్టు ఇచ్చేశాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది, 61 ఖాతాలు తప్పని. లిస్టు ఇచ్చిన ఆఫీసుకి వెళ్తే ఐదుగురు వీఓఏల ముందు అక్కడి సారు, “చూసి కొట్టడం కూడా రాదా అమ్మా? కళ్ళజోడు పెట్టించుకో. వీళ్ళ డబ్బు ఆగితే నువ్విస్తావా?” అన్నాడు. ఆయనకు నా పెద్ద కొడుకు వయసు ఉంటుంది. బస్సులో వచ్చేంతసేపూ ఎవరి ముఖమూ చూడలేకపోయాను. తప్పు ఏంటో చెప్పి తిట్టినా బాగుండేది. ఆయనకీ తెలియదు మరి.

ఆ రాత్రి పాసు పుస్తకాల జిరాక్సులన్నీ పరుచుకుని కూర్చున్నాను. తప్పన్నవి అన్నీ ఒకే బ్యాంకువి. పుస్తకంలో చివరి అంకె 7, స్క్రీన్ మీద 0. సున్నా తుడిచి 7 కొట్టాను. ఎంటర్ నొక్కాను. మళ్ళీ 0. నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లూ 0 చేసింది. అప్పుడు వరసగా లెక్కపెట్టాను. ఆ బ్యాంకులో మావాళ్ళవి 68 ఖాతాలు. అందులో ఒప్పుకున్నవి 7 మాత్రమే. ఆ ఏడూ పాసు పుస్తకంలోనే సున్నాతో ముగుస్తాయి! నా కళ్ళు బాగానే ఉన్నాయి.

పొద్దున్నే మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. “పిన్నీ, ఎక్సెల్ ఏ సంఖ్యనైనా 15 అంకెల వరకే ఉంచుకుంటుంది. పదహారోది సున్నా చేసేస్తుంది. అసలు ఖాతా నంబర్లు కూడతావా, తీసేస్తావా? అది లెక్క కాదు, పేరు లాంటిది. పేరులాగే కొట్టు” అన్నాడు. ఇంత చిన్న మాట ఎవరూ చెప్పలేదే అని ఏడుపొచ్చింది.

చేయాల్సింది ఇదీ. ఒక్క నంబరు కూడా కొట్టకముందే కాలమ్ మొత్తం ఎంచుకుని ‘ఫార్మాట్ సెల్స్’లో ‘టెక్స్ట్’ పెట్టండి. కొట్టాక పెడితే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు. నంబరు గడిలో ఎడమవైపు నిలబడితే సరిగ్గా పడినట్టు, కుడివైపుకి జరిగితే దాన్ని లెక్కగా తీసుకున్నట్టు. గడి మూల చిన్న ఆకుపచ్చ గుర్తు వస్తుంది, టెన్షన్ పడకండి. ఖాతా నంబరు సున్నాతో మొదలైనా, ఆధార్ అయినా ఇదే పద్ధతి. టెక్స్ట్ పెట్టకపోతే ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి.

61 నంబర్లూ మళ్ళీ కొట్టాను. ఒక్కొక్కటి మా అమ్మాయి పైకి చదివితే నేను వేలు పెట్టి చూసుకున్నాను. నిన్న ఆ సారుకి గడి చూపించి సంగతంతా చెప్పాను. “ఓహో, అలాగా” అని లిస్టు తీసుకున్నాడు, అంతే. తిట్టినప్పుడు ఐదుగురున్నారు, ఈ మాటకి ఎవరూ లేరు. ఆడవాళ్ళ పొదుపు డబ్బు మీద పనిచేసే ఆఫీసులో ముందు చెప్పి చేయించాలి కదా, చేశాక అరవడం ఏం పద్ధతి?

పక్క ఊళ్ళ వీఓఏలు ఇద్దరి లిస్టులు కూడా ఇలాగే తిరిగొచ్చాయట. మంగళవారం మా ఇంటికి వస్తామన్నారు. కొట్టిన ఫైల్ వద్దు, పాసు పుస్తకాలే తెచ్చుకోమని చెప్పాను.