జీపు వెనక హౌసింగుతో ఒక ఆదివారం

ఈరోజంతా జీపు వెనక హౌసింగు (ఇరుసు మధ్యలో గేర్లుండే ఇనుప పెట్టె) పనితోనే సరిపోయింది. మాది మహీంద్రా వారి సీజే 3బీ. అమెరికాలో విల్లీస్ సంస్థ 1953లో తెచ్చిన ఎత్తు బానెట్టు జీపుకు మన దేశంలో తయారైన రూపం. కొంతకాలంగా బండి కాస్త వేగం అందుకోగానే వెనక నుంచి సన్నని కూత ఒకటి వినిపిస్తోంది. యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా ఆ కూతలో తేడా లేదు, వేగాన్ని బట్టి మాత్రమే హెచ్చుతగ్గులవుతోంది. ఇంజను నుంచి వచ్చే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్; వీటి పళ్లు పాడైతే ఇంజను లాగేటప్పుడు ఒక రకంగానూ, కాలు తీసినప్పుడు మరొక రకంగానూ మోత వస్తుంది కనుక, ఇది పళ్ల జబ్బు కాదు, బేరింగుల జబ్బేనని నాకు మొదటి నుంచీ అనుమానం. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు కొనడానికి వెళితే, ఒక దుకాణంలో "క్రౌన్ సెట్టే మార్చేయండి సార్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. ఫ్యాక్టరీలో జతగా నూరి, జతగా నంబరు వేసి, ఇన్నేళ్లు కలిసి తిరిగిన రెండు గేర్లను కారణం తేలకుండా తీసి పారేయడానికి నాకు మనసొప్పలేదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, షిమ్‌లు (సందు సరిచేసే సన్నని రేకు ముక్కలు) మాత్రం కొనుక్కుని వచ్చాను.

విప్పడంలో కష్టమంతా హబ్బుల (చక్రాలు బిగించే నడిమి భాగాల) దగ్గరే. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపుకు వెనక ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు ఉండేది; బండి బరువును, చక్రాన్ని తిప్పే షాఫ్టు చుట్టూ ఉండే గొట్టమే మోసేది కాబట్టి, చక్రం ఊడదీయకుండానే షాఫ్టును బయటికి లాగవచ్చు. యుద్ధం తరువాత వచ్చిన సీజే జీపులకు, తొలి బండ్లు కొన్ని మినహా, బరువును షాఫ్టే మోసే సెమీ ఫ్లోటింగ్ ఇరుసు పెట్టారు. ఇందులో షాఫ్టు చివర ఏటవాలుగా ఉంటుంది, దాని మీద హబ్బు ఇనుప చీల లాంటి ఒక కీతో, నట్టుతో బిగుసుకుని కూర్చుంటుంది. మామూలు పుల్లరుకు (లాగి ఊడదీసే పనిముట్టుకు) అది లొంగదు. మా మెకానిక్ బాబాయి పెద్ద పుల్లరు బిగించి, దాని బోల్టు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, "కాసేపు వదిలేయ్ అబ్బాయ్, అదే వస్తుంది" అని టీకి వెళ్లిపోయాడు. ఆయన తిరిగి వచ్చేలోగా హబ్బు తుపాకీ పేలినంత శబ్దంతో ఊడింది. నట్టును చివర రెండు దారాలు పట్టేంత వదులుగా ఉంచడం మరిచిపోకూడదు, లేకపోతే హబ్బూ డ్రమ్మూ ఎగిరి మీద పడతాయి.

క్రౌన్ బయటికి తీసే ముందు రెండు బేరింగు క్యాపుల మీద గుర్తులు చూసుకున్నాము. హౌసింగుతో కలిపి కోసిన క్యాపులు కాబట్టి ఎడమది ఎడమకే, కుడిది కుడికే పోవాలి. క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8, అంటే 5.38 నిష్పత్తి. ఈ అంకెలు చూసినప్పుడల్లా ఆ ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుంది. 43నూ 8నీ రెండింటినీ భాగించే సంఖ్య ఒకటి తప్ప లేదు కనుక, పినియన్ మీది ఒక పన్ను క్రౌన్ మీది ప్రతి పన్నునూ కలిసి వచ్చాకే మొదటి పన్ను దగ్గరికి తిరిగి చేరుతుంది. అరుగుదల ఒకచోట పేరుకోకుండా అన్నింటికీ సమంగా పంచబడుతుంది. పళ్ల మీద ఒకదానితో ఒకటి రాసుకుని వచ్చిన మెరుపు నిండుగా ఉంది, పెచ్చులు లేవు. పినియన్ లోపలి బేరింగు కప్పు (బేరింగు బయటి కంకణం) మాత్రం గుంటలు పడి, వేలితో తడిమితేనే తెలిసిపోయేంతగా చెడింది. కూత అక్కడిదే.

అసలు పని ఇక్కడి నుంచి మొదలైంది. పినియన్ ఎంత లోతుకు వెళ్లాలన్నది లోపలి కప్పు వెనక ఉండే షిమ్‌లు నిర్ణయిస్తాయి. పాత షిమ్‌లను మైక్రోమీటరుతో కొలిచి, అదే మందంతో మళ్లీ మొదలుపెట్టాము. క్రౌన్ వైపు షిమ్‌లు బేరింగు కింద ఉంటాయి, ఒక్కటి మార్చాలన్నా బేరింగును లాగాల్సిందే. అందుకని బాబాయి పాత బేరింగుల రంధ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో ఎక్కి చేత్తో దిగేలా చేసి దాచుకున్నాడు. పరీక్షలన్నీ వాటితో చేసి, కొలత తేలాకే కొత్తవాటిని ప్రెస్సులో కొట్టాము. పళ్లకు ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి తిప్పినప్పుడు ముద్ర పన్ను అడుగుకు దిగితే పినియన్ ఎక్కువ లోతుకు వెళ్లినట్టు, అంచుకు ఎక్కితే తక్కువ వెళ్లినట్టు. మొదటి ముద్ర కొంచెం అడుగుకు దిగింది. కొత్త కప్పు మందం పాతదానితో అచ్చంగా సరిపోదు కాబట్టి ఇది ఊహించిందే. ఒక సన్నని షిమ్ తీసేస్తే ముద్ర పన్ను మధ్యకు వచ్చి, పాత మెరుపు మీదనే కూర్చుంది. పాత గేర్లతో పని చేసేవారికి ఆ మెరుపును మించిన కొలత లేదని నా అభిప్రాయం. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉంచే సందు) కోసం ఎడమ వైపు షిమ్ ఒకటి కుడికి మార్చాక డయల్ గేజి 0.006 అంగుళం, అంటే సుమారు 0.15 మిల్లీమీటరు చూపించింది. చేత్తో ఊపి చూసి "చాల్లే" అనేసే షెడ్డులు చాలా ఉన్నాయి. 0.006కూ 0.012కూ తేడా చెప్పగలిగే చెయ్యి నేనైతే చూడలేదు.

మిగిలిన పని తొందరగానే అయింది. షాఫ్టుల పక్క ఆటను (అటూ ఇటూ కదిలే వదులును) బ్రేకు ప్లేటు వెనక షిమ్‌లతో సరిచూశాము. రెండు షాఫ్టుల మధ్య, వాటికి శక్తిని పంచే డిఫరెన్షియల్‌లో ఒక దిమ్మ ఉంటుంది కనుక ఒక వైపు బిగిస్తే రెండో వైపు ఆట కూడా తగ్గుతుంది. డిఫరెన్షియల్ గుండ్రం బండి మధ్యలో కాక కుడి పక్కకు ఉండడం వల్ల కుడి షాఫ్టు పొట్టిది, ఎడమది పొడుగు. తారుమారు కావడానికి వీల్లేదు. హౌసింగు గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది. బ్రేకు షూల మీదికి ఆయిల్ రావడానికి సీళ్లు ఎంత కారణమో ఇదీ అంతే కారణం, ఎందుకంటే వేడెక్కిన గాలికి దారి లేకపోతే అది సీలునే తోసుకుని బయటికి వస్తుంది. కిరోసిన్‌తో కడిగి, సన్నని తీగతో పొడిచి శుభ్రం చేశాను. తరువాత ఇలాంటి హైపాయిడ్ గేర్లకు (పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే రకానికి) తగిన జీఎల్-5 రకం 90 నంబరు ఆయిల్ పోశాము. మిగిలింది గేరుబాక్సులో పోద్దామని బాబాయి అంటే వద్దన్నాను. ఆ రకం ఆయిల్ లోపలి కంచు రింగులకు మంచిది కాదు.

సాయంత్రం కాలువ గట్టు మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చి, హౌసింగు మీద చెయ్యి పెట్టి చూశాము. పినియన్ దగ్గర గోరువెచ్చగా ఉంది, అంతకు మించి వేడి లేదు. కూత పోయింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె) మోత స్పష్టంగా వినపడుతోంది. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఈ ఆయిల్ దించి, అడుగున ఇనుప పొడి ఎంత చేరిందో చూసి, అప్పుడు ఆ మోత సంగతి ఆలోచిస్తాను.