మూడో బంతి, ఎదుర్లంక వంతెన

కోనసీమలో పరుగెత్తేవాళ్లకి ఎత్తు అంటే వంతెనే. కొండ లేదు, గుట్ట లేదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలుగా ఉందన్న సంగతి కాలువ నీళ్లకి తెలుసు గానీ కాళ్లకి తెలియదు. ఊపిరి దెబ్బతిన్నవాళ్లకి ఇలాంటి నేల వరమని మందులు వాడుతున్న ఆరు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

నాకు వచ్చింది టీబీ. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది "దగ్గితే రక్తం పడిందా?" అని. నాకు అసలు దగ్గే పెద్దగా లేదు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలో నీరు చేరే రకం అది. రావులపాలెంలో బ్యాంకు ఉద్యోగం, తెల్లవారుజామున లొల్ల లాకుల మీదుగా ర్యాలి దాకా పరుగు, ఎనిమిదింటికల్లా బాక్సులు సర్దడం, ఇదీ నా దినచర్య. ఆ దారిలో కుడివైపు పక్కటెముకల కింద పోటు మొదలైంది. పరుగెత్తేవాళ్లకి పక్కపోటు కొత్తేమీ కాదు కదా. కానీ ఇది ఆగినా తగ్గేది కాదు, గట్టిగా ఊపిరి తీస్తే సూది గుచ్చినట్టుండేది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసేది. ఊళ్లో చూపించుకుంటే ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు నరం పట్టేసిందన్నారు. ఏప్రిల్ వచ్చేసింది, మరమ్మతుల కోసం కాలువలకి నీళ్లు కట్టేశారు. అడుగున బురద బీటలు తీసిన కాలువ పక్కన నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మావారు ఇక ఊరుకోలేదు, రాజమండ్రి తీసుకెళ్లారు.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. స్టూలు మీద కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు పెట్టి దాన్ని కావలించుకోమన్నారు. వీపులో మత్తు సూది, తర్వాత లావు సూది. నొప్పి కన్నా ఆ లాగుడు వింతగా అనిపించింది, లోపల ఎవరో సంచీ ముడి విప్పుతున్నట్టు. సీసాలోకి లేత పసుపు రంగు నీరు దిగుతోంది, నిమ్మరసం లాగా తేటగా ఉంది. సీసా నిండుతుంటే నాకు దగ్గు ఆగలేదు. కంగారు పడ్డాను. "అణిగిన ఊపిరితిత్తి విచ్చుకుంటోందమ్మా, అందుకే దగ్గు," అన్నారు డాక్టరుగారు. ఆ నీటిని పరీక్షకి పంపితే ఏడీఏ అనే ఎంజైము ఎక్కువగా వచ్చింది, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఎక్కువ ఉన్నాయన్నారు. టీబీయేనని తేల్చారు.

మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి. పరగడుపున ఒకేసారి మింగాలి. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే బాత్రూంలోనే గుండె ఆగేది. కన్నీళ్లకి కూడా ఆ రంగు రావచ్చట. ఇథాంబుటాల్ అనే ఇంకో మందుతో చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా వెంటనే రమ్మన్నారు. దాంతో రోజూ కాలెండర్లో ఆదివారాల ఎర్ర అంకెలు చూసుకోవడం అలవాటైంది. తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి, నిక్షయ్ పోషణ్ యోజన కింద. 2024 నవంబరుకి ముందు అది అయిదు వందలే. ఖాతా వివరాలు రాసిచ్చేటప్పుడు బ్యాంకు ఉద్యోగినైన నా చెయ్యే తడబడింది. ఊళ్లో ఎవరికి తెలిసిపోతుందోనన్న టెన్షన్, మరేం కాదు.

ఇంట్లో వాళ్లకి ఎలాగూ తెలుసు. అత్తయ్య నాకో స్టీలు గ్లాసు విడిగా పెట్టారు. నాది ఊపిరితిత్తి లోపలి జబ్బు కాదని, నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరుగారు ఆవిడ ఎదురుగానే చెప్పారు. "ఆయన చెప్తే చెప్పేరు లేవే అమ్మాయ్, జాగ్రత్త మంచిదే కదా," అన్నారు. నాకు కోపమొచ్చింది, రెండ్రోజులు మాట్లాడలేదు. కానీ ఆ చేతులతోనే పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టి, సున్నుండలు చుట్టి, తోటకూర పప్పు కలిపి పెట్టేవారు. ఇక ఏమని దెబ్బలాడతాం? ఆ గ్లాసులో ఇప్పుడు మావాడు పెన్సిళ్లు పెట్టుకుంటున్నాడు.

ఊపిరి కసరత్తుకి మూడు గొట్టాల్లో మూడు బంతులుండే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. నోటితో గాలి లాగితే బంతులు లేవాలి. మొదటి బంతి లేవాలంటే సెకనుకి ఆరు వందల మిల్లీలీటర్ల వేగంతో గాలి లాగాలి, రెండోదానికి తొమ్మిది వందలు, మూడోదానికి పన్నెండు వందలు. మొదట్లో నాకు ఒక్కటే లేచేది, అదీ వణుక్కుంటూ. మావాడు తీసుకుని ఒక్క లాగుడుకి మూడూ లేపి "ఇంతేనా అమ్మా?" అన్నాడు.

జూన్‌లో కాలువలకి నీళ్లొదిలారు. నడక మొదలుపెట్టొచ్చన్నారు, ఆయాసం వస్తే ఆగాలన్న షరతు మీద. లొల్ల లాకుల దగ్గరే మొదలుపెట్టాను. బొబ్బర్లంక నుంచి వచ్చే మధ్య డెల్టా ప్రధాన కాలువ అక్కడే గన్నవరం కాలువగా, అమలాపురం కాలువగా, మరికొన్ని పాయలుగా చీలుతుంది. పెద్ద పెద్ద చెట్లు, లాకుల తలుపుల మధ్య నుంచి నురగలు కక్కుతూ దూకే నీళ్లు, ఏడాదికోసారైనా ఏదో ఒక సినిమా షూటింగు. లాకుల దగ్గర పనిచేసే పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "ఏంటండీ మేడంగారు, చానాళ్లయ్యింది? మీరు పరిగెట్టకుండా నడుత్తున్నారేంటండి?" అన్నారు. ఒంట్లో బాగోలేదని చెప్పాను. "ఆయ్, నీళ్లొచ్చేసినియ్యి కదండి, మీరూ లేచిపోతారు," అన్నారు. నెలల తరబడి విన్న ఓదార్పుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

నడుస్తున్నప్పుడు పరుగులో వదిలేసినవన్నీ కనిపిస్తాయి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని, రెండూ ఒకే రాయి. పూజారిగారు దీపం పట్టి వెనకవైపు జడ కొప్పు చూపిస్తారు. ఎన్నో ఏళ్లు ఆ గుడి ముందు చెమటతో నిలబడి వాచీ ఆపి వెనక్కి తిరిగినదాన్నే, లోపలికి వెళ్లి తీరిగ్గా చూసింది మాత్రం టీబీ పుణ్యమా అని.

ఒక ఆదివారం మావారు బండి మీద ధవళేశ్వరం తీసుకెళ్లారు, కాటన్ మ్యూజియం చూపిస్తానని. 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో పూర్తయింది. ఆ మధ్యలో కాటన్ దొర జబ్బుపడి సెలవు మీద వెళ్లాల్సి వస్తే పని కెప్టెన్ ఓర్ చూసుకున్నాడు. ఇది తెలిశాక నా మెడికల్ లీవు పొడిగింపు కాగితం మీద ఇంకాస్త ధైర్యంగా సంతకం పెట్టాను. ఇప్పుడు అక్కడున్న బ్యారేజీకి మొత్తం 175 గేట్లు, ఆనకట్టకి ఎగువనే కాలువలన్నీ పుడతాయి.

ఆగస్టులో వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో దారులు మునిగాయి, గట్ల మీద పశువులు, పరదాలు, జనం. అక్కడ పరుగులేమిటి? ఇంట్లో కూర్చుని గాలి లాగుతూ బంతులు లేపుకున్నాను. రెండో బంతి అప్పటికే లేస్తోంది.

మందులు అయిపోవచ్చే సమయానికి గన్నవరం వెళ్లాను. లొల్లలో విడిపోయిన కాలువే అక్కడ వైనతేయ నది మీదుగా గాల్లో దాటుతుంది. కాటన్ కాలంలో హేగ్ అనే ఇంజనీరు కట్టించిన పాత అక్విడక్టుకి నలభై అడుగుల వెడల్పున్న 49 ఖానాలు. పక్కనే 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ! నీళ్ల మీద నీళ్లు నడుస్తుంటే ఒడ్డున నేనూ నెమ్మదిగా పరుగందుకున్నాను. సీతమ్మగారిది అక్కడి లంకల గన్నవరమే. 1909లో పోయేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి. జబ్బు చేసిన ఆర్నెల్లూ "తిను, తిను" తప్ప వేరే మాట వినని నాకు ఆవిడ పేరు చూస్తే మా అత్తయ్యే గుర్తొచ్చారు. ఈ మాట ఆవిడతో అన్నాను, "చాల్లే," అన్నారు గానీ ఆరోజు పెరుగావడలు వచ్చాయి.

మందులు ఆపాక తీసిన ఎక్స్‌రేలో నీరు లేదు. పొర మాత్రం ఓ పక్క కాస్త మందంగా మిగిలింది. "అది మచ్చ, అలాగే ఉంటుంది, పరుగుకి అడ్డం రాదు," అన్నారు డాక్టరుగారు. అడ్డమో కాదో తేలాలంటే ఎత్తు ఎక్కాలి కదా. పుష్యమాసంలో ఎదుర్లంక వెళ్లాను. గౌతమి మీద బాలయోగి వంతెన, అవతలి ఒడ్డు యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే. వంతెన ఎక్కుతుంటే ఎదురుగాలి. కుడివైపు లోపల ఏదో పట్టుకున్నట్టయింది, ఆగాను. రెయిలింగు పట్టుకుని బంతుల పరికరంతో నేర్చుకున్నట్టే నెమ్మదిగా లోతుగా గాలి లాగాను, పోటు లేదు. మళ్లీ కదిలి, నడుమ రెండుసార్లు నడిచి, పైదాకా వెళ్లాను. అప్పటికే బండి మీద పైన కాచుకున్న మావారు "ఫోటో తియ్యనా?" అన్నారు. జుట్టంతా రేగిపోయుంది, వద్దన్నాను. ఇంటికొచ్చి పరికరం తీస్తే మూడో బంతి లేచింది, టక్కున పైకి కొట్టుకుని.

ఈ దారులు అడుగుతున్నవాళ్లకి ఒకటి రెండు మాటలు. కార్తికం నుంచి మాఘం దాకా బావుంటుంది, కాకపోతే కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో ఊపిరి జబ్బున్నవాళ్లు ఇంట్లోనే ఉండాలి. పీచు ఫ్యాక్టరీల దగ్గర దుమ్ము ఉంటుంది, అక్కడ గుడ్డ కట్టుకోండి. కాలువ గట్ల మీద కుక్కలున్నాయి, చేతిలో చిన్న కర్ర ఉంటే మేలు. పక్కపోటుతో పాటు సాయంత్రం జ్వరం వస్తే ఎక్స్‌రే తీయించడం ఆలస్యం చెయ్యొద్దు. లొల్ల వైపు వెళ్లేవాళ్లు ఆత్రేయపురంలో పూతరేకులు పరుగయ్యాకే కొనండి. ముందే కొని సంచీలో వేసుకుంటే ఇంటికొచ్చేసరికి పొడి మిగులుతుంది.