జడ్చర్ల బస్సుల చదువు

పిల్లలు పుట్టినంక పుస్తకం ముట్టుడే బందైంది నాకు, పొద్దుగాల ఇద్దర్ని తయారుజేసి డబ్బాలు కట్టి స్కూల్ ఆటో ఎక్కిచ్చేసరికే సగం పానం పోతది. ఈమధ్య జడ్చర్లకు డ్యూటీ పడ్డది, పాలమూరుల బస్సెక్కినంక సీటు దొరికిందా ఇగ అర్ధగంట నాదే, గట్లనే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ ఒడగొట్టిన, నెలన్నర పట్టింది లెండి. నిజాం జమానల ఊరు, దొర, వెట్టి... మా నాయనమ్మ చెప్పే ముచ్చట్లే అచ్చుల చూస్తున్నట్టు అనిపిచ్చింది. ఒకరోజైతే స్టాపే దాటిపోయిన, కండక్టరన్న "ఏం పరీక్ష రాస్తున్నవ్ అక్కా" అని ఒకటే నవ్వుడు.

ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పట్టిన, మన పాలమూరాయనే, తెలుగుల మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955ల దీనికే వచ్చింది. రాజుల యుద్ధాలు గాదు, మామూలు జనం ఏం తిన్నరు, ఏం కట్టిండ్రు, ఏం ఆటలాడిండ్రు అన్నదే అసలు సంగతి, నాకు గదే ఇష్టం. లావు చూస్తే మాత్రం గుబులైతుంది. దాని తర్వాత దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ అనుకుంటున్న, కొని ఏడాదైంది, మా చిన్నోడు అట్ట మీద అప్పుడే క్రేయాన్‌తోని ఏనుగు గీసిండు.