86 కార్డులిచ్చి ఒక్క గండభేరుండం

మా అక్క కొడుకు వేసవి సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు వాడి చేతికి మా ఆట ఇచ్చాను. ఫోనులో ఆడే కార్డుల ఆట అది, నలుగురం కలిసి చేస్తున్నాం. అప్పటికి ఇంకా పరీక్ష దశలోనే ఉంది. ప్యాక్‌లు విప్పి కార్డులు పోగేసుకోవాలి, అక్కర్లేనివి పగలగొట్టి పొడి చేయాలి, ఆ పొడితో కావలసిన కార్డు తయారు చేసుకోవాలి. ఏ కార్డుకు ఎంత పొడి అనే ధరల పట్టిక నా పని. 'పొడి' అనే పేరు కూడా నేనే పెట్టాను. మా వాళ్లు ఇప్పటికీ దాన్ని కందిపొడి అంటారు.

ఆ పట్టిక కోసం నేను పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదని ఒప్పుకోవాలి. 2014లో వచ్చిన హార్త్‌స్టోన్ అనే కార్డుల ఆట అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించేశాను. ఈ రకం ఆటలు ఆడేవారికి అవి ఎక్కాల్లా నోటికి వస్తాయి. మామూలు వాటి నుంచి బాగా అరుదైన వాటి దాకా కార్డులు నాలుగు రకాలు. తయారు చేయాలంటే కామన్ కార్డుకు 40, రేర్‌కు 100, ఎపిక్‌కు 400, లెజెండరీకి 1600. పగలగొడితే చేతికి వచ్చేది 5, 20, 100, 400. ఏళ్ల తరబడి లక్షల మంది ఆడి నలిగిన లెక్క, దానికి నేను పెట్టే మెరుగేముంది అనుకున్నాను.

మావాడు రెండు వారాలు బుద్ధిగా ఆడాడు. ఐదేసి కార్డుల ప్యాక్‌లు 17 విప్పాడు, రోజూ వచ్చినందుకు మొత్తానికి ఒక్క కార్డు బహుమతిగా వచ్చింది. మొత్తం 86 కార్డులు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కనే కూర్చుని వాటన్నిటినీ వరసగా పగలగొట్టాడు. 60 కామన్లకు 300, 20 రేర్లకు 400, 5 ఎపిక్‌లకు 500, ఉన్న ఒక్క లెజెండరీకి 400. సరిగ్గా 1600. దానితో గండభేరుండం అనే లెజెండరీ కార్డు చేశాడు. రెండు తలల పక్షి రెక్కలు విప్పుతూ తెర మీదికి వచ్చినప్పుడు వాడి ముఖం చూడాలి!

తరువాత వరసగా ఏడు ఆటలు ఓడిపోయాడు. మొదట్లో మేము ఉచితంగా ఇచ్చే సిపాయి కార్డులు తప్ప వాడి డెక్‌లో, అంటే ఆటలోకి తీసుకెళ్లే కార్డుల కట్టలో, ఏమీ మిగలలేదు. 29 మంది సిపాయిలు, ఒక గండభేరుండం. ఆ పక్షి దిగాలంటే తొమ్మిది వంతులు ఆగాలి. ఆరో వంతుకే ఆట ముగిసిపోతోంది.

"మామయ్యా, ఇది వెనక్కి ఇచ్చేస్తే నా కార్డులు నాకు వస్తాయా?" అని అడిగాడు.

రావు, 400 పొడి వస్తుంది అన్నాను. వాడు కాసేపు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"మరి మిగతా 1200 ఎవరు తీసుకున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరూ తీసుకోలేదని చెబితే అది వాడికి జవాబు కాదు.

మర్నాడు నేను చేసింది తొందరపాటు పని. లెజెండరీ ధరను సగానికి, 800కు, దించేశాను. కొత్తవాళ్లకు ఖరీదెక్కువైంది కాబట్టి తగ్గిస్తే సరిపోతుందని నా ఊహ. జరిగిందేమిటంటే, ఆడుతున్న బంధువులూ స్నేహితులూ అదే తప్పు ఇంకా త్వరగా చేశారు. ఇదివరకు రెండు వారాలకు ఖాళీ అయ్యే డెక్ ఇప్పుడు వారానికే ఖాళీ అవుతోంది. నాలుగు రోజులు చూసి మళ్లీ 1600 చేశాను.

ఆ రాత్రి పట్టికను ఇంకోలా చదివాను. ఒక కార్డు చేయడానికి అదే రకం కార్డులు ఎన్ని పగలగొట్టాలి? లెజెండరీకి 4, ఎపిక్‌కు 4, రేర్‌కు 5, కామన్‌కు 8. అన్నిటికన్నా చవకగా కనబడే కామన్ దగ్గరే మారకం రేటు అన్నిటికన్నా ఘోరం. కొత్తవాడి దగ్గర ఉండేవి అవే, డెక్ నిండడానికి వాడికి కావలసినవీ అవే. పాతవాళ్లకు ఇది పట్టదు, వాళ్ల దగ్గర కామన్లు ఎప్పుడో పోగయ్యాయి. ఇన్నేళ్లు ఆ ఆట ఆడి కూడా ఈ ఎనిమిది నా కంటికి ఆనలేదు. ఖాతా తెరిచిన మొదటి నెల రోజులు కామన్ ధర 40కి బదులు 20 అని రాసుకున్నాను.

మా జట్టులో పెద్దాయన ఒకరు అసలు పగలగొట్టడమే తీసేయమన్నారు. మ్యాజిక్ అరీనా అనే ఇంకో కార్డుల ఆటలో అలాగే ఉంది. అక్కడ పొడి లేదు, ఇచ్చి అదే రకంలో నచ్చిన కార్డు తెచ్చుకునే వైల్డ్‌కార్డులు ఉంటాయి, కామన్ వైల్డ్‌కార్డుతో కామనే వస్తుంది. వంద కామన్లు ఉన్నా ఒక్క రేర్ చేయలేరు కాబట్టి మావాడి లాంటి ప్రమాదం జరగదు. వాదన బలమైనదే. కానీ నాకు మనసొప్పలేదు. బడిలో బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మలు పదిచ్చి ఒకటి తెచ్చుకున్న రోజులు ఉన్నాయి నాకు. మోసపోయాననే అన్నారు అందరూ. ఆ ఒక్క బొమ్మ మాత్రం ఇంటర్ దాకా నా పెట్టెలో ఉంది.

కాబట్టి పగలగొట్టడం ఉంచి, తప్పు చేస్తే వెనక్కి వచ్చే దారి వెతికాను. హార్త్‌స్టోన్‌లో ఒక పద్ధతి ఉంది. ఏదైనా కార్డు బలం వాళ్లు తగ్గిస్తే, కొంతకాలం పాటు దాన్ని పగలగొట్టినవారికి తయారీ ధర మొత్తం ఇచ్చేస్తారు. తప్పు కంపెనీదైతే పూర్తి ధర ఇస్తున్నప్పుడు, తప్పు కొత్తవాడిదైతే ఎందుకు ఇవ్వకూడదు? మా ఊళ్లో చెప్పుల కొట్టాయన రెండు రోజుల్లో మార్చుకోనిచ్చేవాడు, అడుగున మట్టి అంటకపోతే. కార్డు విషయంలో ఇది తిరగబడుతుంది. మట్టి అంటితే గానీ అది పట్టిందో లేదో తెలియదు. అందుకే ఏడు రోజులు ఎన్ని ఆటలైనా ఆడి చూడవచ్చని పెట్టాను. మొదటి మూడు కార్డులకు మాత్రమే. ఆ హద్దు లేకపోతే ఒకే 1600 పొడితో రోజుకో లెజెండరీని అద్దెకు తిప్పుకుంటారు.

ఇక్కడే పెద్ద బొక్క పడింది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకరు ఆటను పరీక్షిస్తున్నారు. మేం ముగ్గురం కిందికి టీకి వెళ్లి వచ్చేసరికి ఆమె ఏమీ మాట్లాడకుండా ఫోను నా ముందుకు జరిపారు. 40 పొడితో మొదలుపెట్టిన ఖాతాలో 1640 ఉంది. కామన్ కార్డును రాయితీ ధర 20కి చేసి, వెంటనే తిరిగి ఇచ్చేస్తే ప్రోగ్రామ్ పట్టికలోని అసలు ధర 40 ఇస్తోంది. నొక్కినప్పుడల్లా 20 లాభం, ఎనభై సార్లు నొక్కారు. మూడు సార్లే అన్న హద్దు ఏమైందంటే, కార్డు తిరిగి ఇచ్చినప్పుడు లెక్క కూడా ఒకటి వెనక్కి జరుగుతోంది. రెండు తప్పులూ నా రాతలోవే. ప్రోగ్రామర్ నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే చేశాడు.

ఇప్పుడు ప్రతి కార్డు మీదా ఎంతకు చేశారో గుర్తు పెడుతున్నాం, అంతే తిరిగి ఇస్తున్నాం. లెక్క ముందుకే నడుస్తుంది.

ఇంకొకటి మిగిలే ఉంది. పొడి పూర్తిగా వెనక్కి వచ్చినా ఆ 86 కార్డులు రావు. నష్టం తయారు చేసేటప్పుడు కాదు, పగలగొట్టేటప్పుడే జరిగిపోతుంది. నేను అంతదాకా తయారీ ధర చుట్టూనే తిరిగాను. చివరికి కొత్తవాళ్లకు పగలగొట్టే తెరలో ఒకటికి మించి ఉన్న కార్డులే కనిపించేలా చేశాం. ఒక్కటే ఉన్నదాన్ని పగలగొట్టాలంటే ఇంకో చోటికి వెళ్లి రెండోసారి సరే అనాలి.

దసరాకు అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు మావాడికి కొత్త ఖాతా తెరిచి ఇచ్చాను. కొన్నాళ్లకు మళ్లీ గండభేరుండమే చేశాడట. రెండో చోటికి వెళ్లి, ప్రతి కార్డుకూ సరే అని మరీ చేశాడట. మూడో రోజు తిరిగి ఇచ్చేసి ఆ 1600తో రేర్లూ కామన్లూ చేసుకున్నాడని, గెలుస్తున్నాడని అక్క ఫోనులో చెప్పింది. తిరిగి ఇచ్చే అవకాశాల్లో ఒకటి మాత్రం వాడకుండా దాచుకున్నాడు. గడువు దాటితే పోతుందిరా, దేనికి దాచావు అని అడిగాను.

"నీకు చెప్పను మామయ్యా, ధర పెంచేస్తావు" అన్నాడు.