పేరు గీకించడం

"పేపర్ రాకపోతే పేరు గీకించేసి మళ్ళీ పంపండి వదినా, సింపుల్." పెసరట్టు తింటూ అన్నాడు, మా పాత జపాన్ కత్తిని చూడ్డానికొచ్చిన కుర్రాడు. పేపర్ అంటే కత్తి అసలుదని ఇచ్చే సర్టిఫికెట్, పేరంటే దాని మీద చెక్కిన కమ్మరి సంతకం. మా ఆయన తలూపాడు. వాడి మాట కన్నా ఈయన తలూపడమే నాకు మింగుడుపడలేదు. అందుకే ఇంత రాత్రప్పుడు టైపు చేస్తున్నా.

వచ్చినవాడు మనవాడే, నిజామాబాద్ వైపు. ఇక్కడే టోక్యోలో ఉద్యోగం. ఈమధ్యే కత్తుల పిచ్చి పట్టింది. మా వాకిజాషి, అదే మా పొట్టి కత్తి, చూస్తానని ఒకటే మెసేజీలు. తీరా వచ్చాక మొదటి ప్రశ్న, "పేపర్లున్నాయా అన్నా?" లేవు, రిజిస్ట్రేషన్ కార్డొకటే ఉందనేసరికి మొహం దిగిపోయింది. పెళ్ళిచూపులకొచ్చి పిల్ల వైపు చూడకుండా జాతకం అడిగినట్టుంది. నేను బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, లైటు సర్ది కూర్చున్నాను. వాడేమో ఫోన్లో ధరలు చూపిస్తున్నాడు. పేపరుంటే ఇంత, లేకపోతే అందులో సగం కూడా రాదట. చివరికి ఒర తీసి చూశాడులెండి, ఫొటో తీసుకునేంతసేపు. అదీ కత్తి మీదికి వంగి మాట్లాడుతూనే! తుంపర పడితే తుప్పు పడుతుందని ఇక్కడ చూసేటప్పుడు ఎవరూ నోరు విప్పరు. మా పెద్దమ్మాయికే తెలుసు ఆ సంగతి. వాడు వెళ్ళగానే తుడిచి, ఉచికో పొడి అద్ది, మళ్ళీ తుడిచి, లవంగం వాసనొచ్చే నూనె రాసి పెట్టేసరికి పది దాటింది. పెసరపిండి గిన్నెలు అలాగే ఉన్నాయి.

పేపర్ అంటే ఇక్కడ ఎక్కువమంది అడిగేది ఒకటే. 1948లో జపాన్ కత్తుల సంరక్షణకి పెట్టిన సంఘం ఒకటుంది, నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకాయ్. మ్యూజియం కూడా వాళ్ళదే. ముందు యోయోగిలో ఉండేది, 2018లో ర్యోగోకుకి మార్చారు. అక్కడ షిన్సాకి, అంటే పరీక్షకి, కత్తి ఇస్తే నిపుణులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. మొదటి మెట్టు హోజోన్, తర్వాత తోకుబెత్సు హోజోన్, ఆ పైన జూయో, అన్నిటికన్నా పైన తోకుబెత్సు జూయో. పిడి లోపల ఉండే తోకని నకాగో అంటారు. కమ్మరి సంతకం చెక్కేది దాని మీదే. ఆ సంతకం దొంగదని తేలిందా, పేపర్ రాదు. అప్పుడు కొందరు సంతకం తీయించేసి, సంతకం లేని కత్తిగా మళ్ళీ పంపుతారు. మనవాడు చెప్పిన సింపుల్ ఇదే.

మా దాని మీద రెండే అక్షరాలు, కానెమోతో. మినో రాజ్యం, అంటే ఇప్పటి గిఫు, అక్కడ సెకి ఊరి కమ్మరుల పేరు. తరతరాలుగా ఆ పేరే పెట్టుకున్నారు. మంచి పేరు కాబట్టి దొంగ సంతకాలకీ కొదవలేదు.

ఈ కత్తి మా ఇంటికెందుకొచ్చిందో నా పాత పాఠకులకి తెలుసు. ఇవాళ మళ్ళీ గుర్తొచ్చింది, చెప్పనివ్వండి. మా ఆయన కొత్తగా కాంతేయికి, అదే గుర్తుపట్టే సభకి వెళ్తున్న రోజులు. ఆయనకి భాష రాదు, కాబట్టి నేను తోడు. తాతామీ చాప మీద మోకాళ్ళేసి కూర్చోవాలి. బల్లమీద వరసగా కత్తులు, నకాగోలన్నిటికీ తొడుగులు, సంతకం కనిపించకుండా. మన వంతు రాగానే కత్తికి దణ్ణం పెట్టి ఎత్తుకోవాలి. ముందు చెయ్యి చాచి నిలబెట్టి ఆకారం, వంపు చూడాలి. తర్వాత బల్బు వైపు తిప్పి అంచు వెంట తెల్లగా సాగే హామోన్ గీత, ఆపైన ఇనుము మీది పొరలు, చివర మొన. సరైన కోణంలో పడితేనే హామోన్ కనిపిస్తుంది, మిల్లీమీటరు తప్పినా వట్టి మెరుపే. చూశాక చీటీ మీద కమ్మరి పేరు రాసివ్వాలి. మూడు అవకాశాలు. సరిగ్గా తగిలితే 'అతారి', దాదాపు అదే అయితే 'దోజెన్', కాకపోతే 'ఇయా'.

మా ఆయన నెలల తరబడి పుస్తకాలు చదివి వెళ్ళాడు. ఒక కత్తికి బిజెన్ ఒసాఫునె సుకెసదా అని రాశాడు. ఇయా. మళ్ళీ రాశాడు. ఇయా. నేనేమో ఊరికే కూర్చోలేక ఓ చీటీ తీసుకున్నాను. నా ముందున్నదాని హామోన్ సూదిగా కొండలు కొండలుగా లేచింది, ప్రతి మూడోదీ కాస్త ఎత్తు. వంటింట్లో కాఫీ కాచుకుంటూ తిరగేసిన ఆయన పుస్తకంలోనే ఆ బొమ్మ చూశాను. మూడు దేవదారు చెట్లంటారు దాన్ని, సాన్‌బోన్‌సుగి. కానెమోతో అని రాసిచ్చా. అతారి! సభ నడిపే పెద్దాయన ఎలా పట్టారని అడిగారు. "చెట్లు" అన్నాను. అందరూ నవ్వారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు నిషి కసాయిలో రైలు దిగేదాకా నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం తింటూ, "పేరుమోసిన మగోరోకు కానెమోతోవి అయితే చెట్లు అంత నీటుగా ఉండవు, ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీకు పడ్డది తర్వాత తరాలది" అని క్లాసు పీకాడు. నాకు తగలడమే గొప్ప అని ఒప్పుకోడానికి మనసు రాలేదు పాపం.

తర్వాత షింబాషిలో ఏటా పెట్టే పెద్ద కత్తుల సంతలో ఈ వాకిజాషి దొరికింది. "నీకోసమే" అన్నాడు. ఆయన కొనేవన్నీ నాకోసమే. దసరాకి మా అత్తగారొచ్చి దీనికి పసుపు, కుంకుమ పెట్టబోతే మా ఆయన అరిచిన అరుపు పక్కింటివాళ్ళకి కూడా వినపడింది. ఒరకి పెట్టుకోనిచ్చాం.

ఇలాంటిదాని పేరు గీకించడమా? దొంగదే అనుకుందాం. షోగున్లు అనే సైన్యాధిపతులు ఏలిన కాలపు కమ్మరెవరో కడుపు కూటికి చెక్కిన అబద్ధం అయ్యుండొచ్చు. అన్నేళ్ళ తుప్పు పట్టాక ఆ అబద్ధం కూడా కత్తిలో భాగమే కదా? నకాగో మీది తుప్పుని ఎవరూ తుడవరు, వయసు చెప్పేది అదే కాబట్టి. తుప్పు తుడవడం పాపం, పేరు గీకడం సింపులా? గిన్నెలు తోముతూ ఇదంతా మా ఆయనకి గట్టిగానే చెప్పాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ ఒకే మాటన్నాడు, "మరి సురియాగే?" ఆ మాటతో నా వాదన సగం చల్లబడింది. సురియాగే అంటే పొడుగు కత్తిని తోక వైపు నుంచి కోసి పొట్టి చెయ్యడం. గుర్రం మీంచి వాడే పాత తాచీ కత్తులని నడుముకి పెట్టుకోడానికి వీలుగా వందలకొద్దీ అలా కోసేశారు. కోసిన ముక్కతో సంతకమూ పోయేది. సమురాయ్‌లకి దాని గురించి పెద్ద బాధ ఉన్నట్టు లేదు. పైగా షోగున్ల కాలంలో హోనామి అనే వంశం కత్తులకి విలువ కట్టేది. నెలనెలా 3వ తేదీన కూర్చుని చూసి, ఇది ఫలానావాడిది, ఇన్ని బంగారు నాణేలు అని కాగితం రాసిచ్చేవాళ్ళు. సంతకం లేనివాటికి వాళ్ళే నిర్ణయించి నకాగో మీద బంగారంతో పేరు పొదిగేవాళ్ళు. ఆ పేరు కూడా కమ్మరి చేతిది కాదు కదా. సెతోఉచి అనే చిన్న ఊరు విరాళాలు పోగుచేసి 2020లో దాదాపు 50 కోట్ల యెన్‌లకి కొన్న యమతోరిగే అనే పాత కత్తి మీద సంతకమే లేదు. అంతకు ముందు జోఎత్సు ఊరు 32 కోట్లిస్తానంటే యజమాని ఒప్పుకోలేదట. పేరు లేకపోయినా దాని విలువకి ఏమీ లోటు రాలేదు.

ఇక కోతెత్సు అనే కమ్మరి పేరు మీద 'కోతెత్సు కనిపిస్తే దొంగదనుకో' అని ఇక్కడ సామెతే ఉంది. అన్ని దొంగ సంతకాలున్న చోట పేపర్ అడిగినవాణ్ణి తిట్టడం కూడా న్యాయం కాదేమో. నాలాంటివాళ్ళకి ఎప్పుడో ఓసారి చెట్లు కనపడతాయి, అంతే. మిగతా అన్నిటికీ ఎవరో కళ్ళున్నవాళ్ళ మాట మీదే కదా డబ్బు పెట్టేది.

మనవాడి ఊరు ఒకప్పుడు ఉక్కు కాచిన కోనసముద్రానికి దగ్గరే. పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి మన ఉక్కు దిమ్మలు కొనుక్కెళ్ళేవాళ్ళు. ఆ ఉక్కు కాచినవాళ్ళ పేరు ఒక్కటి కూడా నేనెక్కడా వినలేదు. ఈ మాట వాడితో అందామనుకున్నా, వాడు అప్పటికే ఫొటోలు ఎడిట్ చేసుకుంటున్నాడు.

అయినా నా చిరాకు పూర్తిగా పోలేదు. చేతికి సరిపడాలని కోసినవాళ్ళు వేరు, ధర పెరగాలని గీకేవాళ్ళు వేరు అనిపిస్తుంది. మళ్ళీ ఆలోచిస్తే హోనామివాళ్ళు కూడా ధర కోసమేగా రాసింది? సరే, ఇది ఇప్పట్లో తేలదు.

రిజిస్ట్రేషన్ కార్డు సంగతి మాత్రం వాడికి తట్టలేదు, అదొకటి చెప్పాలి. 1945లో యుద్ధంలో జపాన్ ఓడిపోయాక అమెరికావాళ్ళు కత్తులన్నీ ఆయుధాలని గుంజుకున్నారు. టోక్యోలో అకాబానె గోదాంలో గుట్టలు పోశారు. హొమ్మా జున్జి లాంటి కత్తుల నిపుణులు ఇవి కళ అని ఒప్పించాకే రిజిస్టర్ చేసి ఉంచుకునే పద్ధతి వచ్చింది. అదే తోరోకుషో కార్డు. చూడ్డానికి లైబ్రరీ కార్డులా ఉంటుందని మా పెద్దది నవ్వుతుంది కానీ, అది లేకుండా కత్తి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఇచ్చేది చాలాచోట్ల ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిదాని, విద్యా బోర్డు. బడుల సంగతి చూసే ఆఫీసే కత్తులదీ చూస్తుంది. కొన్న 20 రోజుల్లో కొత్త యజమాని పేరు వాళ్ళకి రాసి పంపాలి, మా కార్డు గిఫుది కాబట్టి అక్కడికి నేనే రాశాను. ఆ కార్డు మీద పొడవు, వంపు, మేకు చిల్లులు ఎన్ని, సంతకం ఏమిటి, అన్నీ ఉంటాయి. పేరు గీకిస్తే కత్తికీ కార్డుకీ పొంతన కుదరదు. అప్పుడు గిఫుకి ఫోన్ చేసి, మర్యాదగా, జపనీస్‌లోని ఆ పెద్ద పెద్ద క్రియాపదాలతో, సంతకం ఎందుకు మాయమైందో చెప్పాల్సింది ఎవరు?

షిన్సాకి పంపమన్నాను చివరికి. ఏం చెప్తారో నాకూ చూడాలనే ఉంది, ఒప్పుకుంటా. ఫారం మాత్రం ఈసారి ఆయనే నింపుకుంటాడట. ఇప్పటికి అడ్రసు దగ్గర రెండు కాగితాలు పాడుచేశాడు.